గాలిపడవలు – నీటిగండం

పిల్లవాని జాతకంలో నీటిగండం ఉన్నదంటే చెరువు గట్టుకు సైతం పంపని పెద్దలు తెలుగునాట నేటికీ ఉన్నారు. అటువంటి కుటుంబాలే అమెరికాలో వేసవి సెలవులకు సరస్సు తీరానికి వెళ్ళినప్పుడు, పంపుతో గాలి నింపిన చిన్న పడవలో పిల్లలను కూర్చోబెట్టి నిశ్చింతగా నీటిలోకి వదలడం కనిపిస్తుంది. ఆటవస్తువు వలె కనిపించే ఈ పడవ ఎందుకు ప్రమాదకరమో, అందులో నుండి నీటిలో పడిన మనిషి దేహంలో ఏమి జరుగుతుందో ప్రతి కుటుంబమూ తెలుసుకొనవలసిన విషయం.

పడవ ఎందుకు ఒరుగుతుంది?

గాలిపడవ బరువు అతి స్వల్పం. అందులో కూర్చున్నవారి బరువు దానికి ఎన్నో రెట్లు. అందుచేత ఒకరు లేచి నిలబడినా, ఇద్దరు ఒకే అంచువైపు వంగినా గరిమనాభి స్థానం మారి పడవ సమతూకం తప్పుతుంది. ఉష్ణోగ్రత కూడా మరొక కారణం. ఒడ్డున 35 డిగ్రీల సెల్సియస్ ఎండలో బిగువుగా నింపిన గాలి 15 డిగ్రీల నీటిలో పూర్తిగా చల్లబడితే, దాని మొత్తం పీడనం సుమారు 6 శాతం తగ్గగలదు. పడవ లోపల అదనంగా ఉండే పీడనం అసలే కొద్దిపాటిది కనుక అంచులు మెత్తబడి వంగుతాయి. నీటిలో పడినవారు పక్క అంచును పట్టి ఎక్కబోతే పడవ వారి మీదకే తిరగబడవచ్చును. పైగా గాలి వీచినప్పుడు ఖాళీ పడవ ఈదేవారికంటె వేగంగా దూరమవుతుంది.

మొదటి నిమిషం

గోదావరి కాలువలోనో, ఊరి దిగుడుబావిలోనో ఈత నేర్చినవారికి అతిశీతల జలాల స్వభావం తెలిసే అవకాశం తక్కువ. మంచు కరిగిన నీరు చేరే కొలరాడో కొండల జలాశయాలలోను, టాహో, సుపీరియర్ సరస్సులలోను జూన్ నెలలో ఎండ వెచ్చగా ఉన్నా నీరు చల్లగానే ఉంటుంది. 15 డిగ్రీలకు లోపు ఉన్న నీటిలో హఠాత్తుగా పడిన మనిషి తన ప్రమేయం లేకుండానే ఒక్కసారిగా గట్టిగా ఊపిరి పీలుస్తాడు. ఆ క్షణాన ముఖం నీటిలో ఉంటే లోపలికి వెళ్ళేది నీరే. పిమ్మట ఒకటి రెండు నిమిషాలపాటు రొప్పు, గుండెదడ ఉంటాయి. ఆ తరువాత కొద్ది నిమిషాలకు కాలుసేతుల పట్టు సడలుతుంది. శరీరం చల్లబడి మరణించడానికి ఇంకా చాలా సేపు పడుతుంది. ప్రాణాపాయం సాధారణంగా అంతకు ముందే వస్తుంది. గజ ఈతగాడు కూడా దీనికి అతీతుడు కాడు.

మునిగేవారు సినిమాలలో వలె కేకలు వేయడం అరుదు. నోరు నీటిపైకి వచ్చే కొద్ది క్షణాలు శ్వాసకే చాలవు. ఊపిరితిత్తులలోని గాలిగదులు మూసుకొనకుండా కాపాడే సర్ఫాక్టెంట్ అనే పదార్థాన్ని లోపలికి చేరిన నీరు పాడుచేస్తుంది. రక్తంలో ప్రాణవాయువు తగ్గి ముందు స్పృహ తప్పుతుంది, పిదప గుండె ఆగుతుంది. కొన్ని నిమిషాలలోనే మెదడుకు శాశ్వత హాని కలుగవచ్చును.

సొరకాయ బుర్ర సూత్రం

మానవదేహపు సాంద్రత నీటి సాంద్రతకు ఇంచుమించు సమానం. కనుక ఆర్కిమెడీస్ సూత్రం ప్రకారం తల నీటిపై నిలవడానికి పెద్దవారికి సైతం 3 నుండి 5 కిలోల అదనపు ఉత్ప్లవనం చాలును. సాధారణ లైఫ్ జాకెట్ సుమారు 7 కిలోల ఆధారమిస్తుంది. పల్లెలలో ఈత నేర్చే పిల్లల నడుముకు ఎండిన సొరకాయ బుర్ర కట్టడంలో ఉన్నదీ ఈ సూత్రమే. అమెరికా కోస్ట్ గార్డ్ వార్షిక నివేదికల ప్రకారం పడవ ప్రమాద మృతులలో సుమారు నాలుగింట మూడు వంతులు మునిగి చనిపోయినవారు. వారిలో ప్రతి 10 మందిలో 8 మందికి పైగా లైఫ్ జాకెట్ ధరించనివారే. పడవలో పక్కన పెట్టుకొన్న జాకెట్‌ను నీటిలో పడిన తరువాత తొడుక్కొనడం దుస్సాధ్యం. చేతులకు తొడిగే గాలి బుడగలు దానికి బదులు కావు.

రక్షించిన తరువాత

మునిగినవారిని తలక్రిందులుగా ఎత్తి, పొట్ట నొక్కి నీరు కక్కించడం మన పల్లెలలో పాత అలవాటు. దీనివల్ల విలువైన సమయం వృథా అవుతుంది, కడుపులోనిది ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదమూ ఉన్నది. శ్వాస ఆగినవారికి ముందుగా నోటిద్వారా శ్వాస అందించి, వెంటనే ఛాతీ నొక్కడం ప్రారంభించాలి. ఈలోగా మరొకరు 911కు ఫోన్ చేయాలి. కోలుకొన్న బిడ్డకు దగ్గు, ఆయాసం, మగత కనిపిస్తే ఆసుపత్రికి తీసుకువెళ్ళడం తప్పనిసరి.

గాలి ఒడ్డునుండి లోపలికి వీచే రోజున పడవను నీటిలో దించరాదు. పడినవారికి ఒడ్డునుండి తాడుగాని, తేలే వస్తువుగాని విసరడం మేలు. లైఫ్ జాకెట్లు ఒడ్డుననే, పిల్లలతోపాటు పెద్దలూ ధరించాలి. బిడ్డ పడిన మరుక్షణం వెంట దూకేది తల్లి లేక తండ్రి. వారికి జాకెట్ లేకపోతే ఆ కుటుంబం ఒకే నిమిషంలో ఇద్దరిని కోల్పోయే ప్రమాదం ఉన్నది.