టెలివిజను ధ్వనియు, చెవియు

1975 ఆగస్టు 1వ తేదీన ఉపగ్రహము ద్వారా పల్లెలకు టెలివిజను ప్రసారము లారంభమైనపుడు, మన సిద్దిపేట చేరియుండిన నాటి మెదకు జిల్లాలో, కొన్ని గ్రామములవారు ఒక్క పెట్టె యెదుట గుమిగూడి చూచిరి. నేడు పెట్టె ఇంటింట గలదు. పెక్కిండ్లలో అది యున్న గదియే పిల్లల చదువుల గది. తండ్రి వార్తలు వినుచుండగా కుమారుడు లెక్కలెట్లు చేయును?

ఇందులకు తీగలేని ఇయర్‌బడ్డు లుపకరించును. టెలివిజను బ్లూటూత్ పద్ధతిని ధ్వనిని 2.4 గిగాహెర్ట్‌జుల ప్రాంతపు రేడియో తరంగములపై పంపగా, చెవిలోని బిళ్ల దానిని మరల ధ్వనిగా మార్చును. దీనికి కొంత కాలము పట్టుటచే నొక్కొక్కప్పుడు పెదవులు ముందు కదలి మాట వెనుక వినవచ్చును. బ్లూటూత్ లేని పాత పెట్టెకు చిన్న ట్రాన్స్‌మిటరును తగిలింపవలెను.

వినికిడి తగ్గిన తాతగారికిని ఇది సుఖమే. అయినను ధ్వనికి మితి కలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు, వారమునకు 40 గంటలు వినునెడల, పెద్దలకు 80 డెసిబెళ్లు, పిల్లలకు 75. మూడు డెసిబెళ్లు హెచ్చినచో వినదగు కాలము సగమగును. లోచెవియందలి సూక్ష్మరోమ కణములు నశించిన మరల పుట్టవు. వంటింటినుండి తల్లి పిలిచిన వినబడునట్లు ఒక చెవిని ఖాళీగా నుంచుట మేలని నా యభిప్రాయము.