సందేహాలు - సమాధానాలు: అంజనంలో కనబడిన ముఖం సాక్ష్యమవుతుందా?

చేతబడి నిందల మీద కర్నూలు, కడప జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి ఈసారి జవాబులు. ఇందులో కొన్ని ఇళ్ల గొడవలు ఇంకా చల్లారలేదు కాబట్టి రాసినవారి పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: అమెరికాలో సేలం అనే ఊళ్లో మంత్రగత్తెలని ముద్రవేసి, కోర్టులో విచారించి మరీ ఉరితీశారని చదివాను. అంత దైవభక్తి, చదువు ఉన్నవాళ్లు ఆ పని ఎలా చేశారు? మన సీమలో అలాంటి విచారణలు జరిగాయా?
– డిగ్రీ విద్యార్థిని, జమ్మలమడుగు ప్రాంతం

జవాబు: సేలం గ్రామం మసాచుసెట్స్‌లో ఉండేది. అప్పట్లో అది ఇంగ్లండు వలస ప్రాంతం. అక్కడ స్థిరపడిన ప్యూరిటన్లు క్రైస్తవంలో నియమనిష్ఠలు గట్టిగా పాటించే వర్గం. 1692 మొదట్లో ఊరి పాస్టరు శామ్యూల్ పారిస్ ఇంట్లో తొమ్మిదేళ్ల కూతురు, పదకొండేళ్ల బంధువుల పిల్ల ఒళ్లు మెలికలు తిరుగుతూ కేకలు పెట్టసాగారు. ఎవరు చేశారో చెప్పమని పెద్దలు నిలదీస్తే మూడు పేర్లు బయటికొచ్చాయి. పాస్టరు ఇంట్లో బానిసగా ఉన్న టిటుబా, గడపగడపకూ తిరిగి అడుక్కునే సారా గుడ్, చనిపోయిన మొదటి భర్త ఆస్తి గురించి తగాదాలో ఉన్న సారా ఆస్బోర్న్. వెనకేసుకొచ్చే మనిషి లేనివాళ్లతోనే మొదలైంది. తర్వాత పెద్ద కుటుంబాలనూ వదల్లేదు. ఆ ఏడాదే 19 మందిని ఉరితీశారు. విచారణకు ఒప్పుకోని గైల్స్ కోరీ అనే ఎనభై ఏళ్ల రైతును రాళ్ల బరువు కింద నలిపి చంపారు.

న్యాయమూర్తుల్లో హార్వర్డ్‌లో చదివినవారున్నారు. కాబట్టి చదువు లేక జరిగిందనుకోవద్దు. వాళ్లు ఒప్పుకున్న సాక్ష్యమే కొంప ముంచింది. "ఫలానా ఆమె ఆకారం వచ్చి నన్ను గిల్లింది" అని ఒక పిల్ల చెబితే కోర్టు రాసుకునేది. ఆ ఆకారం ఆ పిల్లకు తప్ప ఎవరికీ కనబడదు. ఆ వేళకు ఆమె తన ఇంట్లో నిద్రపోతోందని పదిమంది చెప్పినా లాభం లేదు, వచ్చింది మనిషి కాదు, ఆకారం కదా!

మన దగ్గర అంజనం చేసే పని ఇదే. తమలపాకు మీద కాటుక రాసి, ఒక పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, ఎవరు కనిపిస్తున్నారని అడుగుతారు. "ముసలామేనా? మీకు తెలిసినామేనా? ఇంటికి తూర్పునుంటుందా?" అని మంత్రగాడు వరసగా అడుగుతుంటే సగం జవాబు ప్రశ్నలోనే ఉంటుంది. మిగతా సగం, ఇంట్లో పెద్దలు రోజూ ఎవర్ని తిట్టుకుంటుంటే వింటున్నాడో ఆ పేరు.

ఇక కోర్టు విచారణల సంగతి. మంత్రవిద్య నిజమని నమ్మి శిక్షించే చట్టాన్ని బ్రిటన్ 1735లోనే తీసేసింది. కడప ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది 1800లో, కర్నూలు 1839లో. అందువల్ల ఇక్కడి ఇంగ్లిషు కోర్టుల్లో మంత్రగత్తె అన్న నేరమే లేదు. తెలుగునాట ఈ విచారణ ఎప్పుడూ రచ్చబండ దగ్గర, కులపెద్దల ముందు నడిచింది. మంత్రం స్పష్టంగా పలకకుండా ముందు పళ్లు ఊడగొట్టడం విశాఖ మన్యంలో ఉండేదని బ్రిటిషువారి కాలంలోనే రాశారు. తెలంగాణలో బాణామతి పేరుతో అదే ఘోరం మన కాలం దాకా వచ్చింది. 2019 సెప్టెంబరులో హైదరాబాదు పక్కన శామీర్‌పేట దగ్గర, జబ్బుతో పోయిన ఒక స్త్రీ చితి మీదే, ఆమెకు చేతబడి చేశాడంటూ ఒక యువకుణ్ణి చంపి కాల్చారు. 2022 జనవరిలో జగిత్యాలలో కులసంఘం సమావేశంలోనే తండ్రినీ ఇద్దరు కొడుకులనూ పొడిచి చంపారు.

సేలంలో అది ఆగిన తీరు కూడా తెలుసుకోండి. 1692 అక్టోబరులో గవర్నరు విలియం ఫిప్స్ ఆ కోర్టును రద్దు చేశాడు. 1693 జనవరిలో కూర్చున్న కొత్త కోర్టు ఆకారాల సాక్ష్యం పనికిరాదంది. అంతే, దాదాపు అందరూ నిర్దోషులుగా బయటికొచ్చారు. అప్పటికి జనం నమ్మకాలేమీ మారలేదు, సాక్ష్యం నియమం ఒక్కటే మారింది.

ప్రశ్న: సేలం పిల్లలకు ధాన్యానికి పట్టిన బూజు వల్ల పిచ్చెక్కిందంటారు. మా సజ్జకంకులకు వచ్చే తేనెబంక తెగులు కూడా అలాంటిదేనా?
– రైతు, ఆలూరు ప్రాంతం

జవాబు: ఒకే జాతి బూజులే, విషాలు వేరు. సేలం రై ధాన్యంలోని బూజు గురించిన ఊహ 1976లో వచ్చింది. అదే ఏడాది ఇతర పరిశోధకులు దాన్ని ఖండించారు, నాకు ఖండనే సబబుగా తోస్తుంది. ఒకే కుండలో తిన్నవాళ్లలో కొందరికే, అదీ నిందితురాలు ఎదురుపడినప్పుడే మెలికలు రావడం విషం లక్షణం కాదు. సజ్జ తెగులు వల్ల వాంతులు, తల తిరగడం, మత్తునిద్ర వస్తాయి. 1975లో రాజస్థాన్‌లో ఊళ్లకు ఊళ్లు ఇలా పడితే హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థవారు వెళ్లి కారణం తేల్చారు. తెగులు గింజలు ఉప్పునీళ్లలో పైకి తేలతాయి, తీసి పారేయండి. సజ్జరొట్టె తిన్న ఇంటిల్లిపాదికీ వాంతులైతే "ఎవరో మందు పెట్టారు" అని కక్కించేవాడి దగ్గరికి పరుగెత్తకుండా, మిగిలిన గింజలు మూటగట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: తొలకరి పడ్డాక మా చిన్నాయన మందలో గొర్రెలు రాత్రికి రాత్రి చచ్చాయి. బలంగా ఉన్నవే పోయాయి. మా చిన్నమ్మ, అంటే ఇంకో చిన్నాయన భార్య, భర్త పోయినామె, ఆమే చేయించిందని గొడవ. గుడిలో ప్రమాణం చేస్తే వదిలేస్తామంటున్నారు. చేయించమంటారా?
– పులివెందుల ప్రాంతం

జవాబు: చేయించొద్దు. ముందు గొర్రెల సంగతి. మీరు చెప్పినదంతా చిటుక రోగంలాగే ఉంది. ఎండాకాలం మాడిన మంద తొలకరి పచ్చిక మీద పడి అదేపనిగా మేస్తుంది. పేగుల్లోని సూక్ష్మజీవులు ఒక్కసారిగా పెరిగి విషం వదులుతాయి. ఎక్కువ మేసేవి బలమైనవే, అందుకే ముందు అవే పోతాయి. సాయంత్రం బాగున్న పొట్టేలు తెల్లారేసరికి కాళ్లు చాచి పడి ఉంటుంది. చూసినవాడికి ఎవరో ఏరి చంపినట్టే అనిపిస్తుంది, అందులో వాళ్ల తప్పు లేదు. వానలకు ముందే టీకా వేయిస్తే ఇది ఆగుతుంది. మళ్లీ ఏదైనా చస్తే పూడ్చక ముందే పశువుల డాక్టరును పిలిపించండి. ముక్కు నుంచి గానీ వెనక నుంచి గానీ నల్లటి రక్తం కారుతుంటే మాత్రం అది దొమ్మ రోగం కావచ్చు, కోయొద్దు, తాకొద్దు. డాక్టరు కాగితం మీద రాసిచ్చిన కారణాన్ని మీ పెద్దల ముందు పెట్టండి.

ప్రమాణం ఎందుకొద్దన్నానంటే, ప్రమాణానికి నిలబడిన మరుక్షణం ఆమె నిందితురాలైనట్టే. ఆర్నెల్లలో ఇంకో గొర్రె చచ్చినా, ఆమెకే జ్వరం వచ్చినా, అబద్ధపు ప్రమాణం చేసిందంటారు. "ఒప్పుకో, వదిలేస్తాం" అన్న మాటకు అసలు లొంగనివ్వొద్దు. సేలంలో ఒప్పుకున్నవాళ్లు ప్రాణాలతో మిగిలారు, ఉరికంబం ఎక్కింది కాదన్నవాళ్లే. ఆ ఒప్పుకోళ్లే ఇంకెందరి మీదికో నిందలయ్యాయి. మన ఊళ్లలో ఒప్పుకున్నామెకు ఆ మాత్రం రక్ష కూడా ఉండదు.

ఇంకొకటి, దగ్గరివారు కాబట్టి మీరే నెమ్మదిగా కనుక్కోండి: పోయిన చిన్నాయన భాగం భూమి ఆమె పేరున ఉందా? దాని మీద ఎవరి కన్నైనా ఉందా? నేను విన్న ఇలాంటి గొడవల్లో చాలావాటికి అడుగున పొలం గట్టో బావి వాటానో ఉంటుంది. ఆ తగాదాను విడిగా, పట్టాదారు పాసుపుస్తకం ముందు పెట్టుకుని తేల్చుకోవాలి.

ప్రశ్న: చేతబడి చేస్తోందని మా అమ్మను వీధిలో అందరి ముందూ తిట్టి కొట్టబోయారు. మేము ఎస్సీలం. స్టేషన్‌కు పోతే ఊళ్లోనే మాట్లాడుకోండన్నారు. మాకు చట్టం ఉందా?
– నంద్యాల ప్రాంతం (పాత కర్నూలు జిల్లా)

జవాబు: ఉంది. బిహార్ 1999లో, జార్ఖండ్ 2001లో, మన పక్కనున్న కర్ణాటక 2017లో ఇలాంటి వేధింపుల మీద ప్రత్యేక చట్టాలు చేశాయి. ఆంధ్రప్రదేశ్‌లో అలాంటి చట్టం రాలేదు, వచ్చితీరాలి. కానీ మీ అమ్మ విషయంలో దానికోసం ఆగనక్కర్లేదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం, మంత్రగత్తె అనే నిందతో ఎస్సీ, ఎస్టీలను కొట్టినా, మనోవ్యథకు గురిచేసినా నేరం. సెక్షన్ 3(1)(జడ్‌బి). తిట్టినవాళ్లు ఎస్సీ, ఎస్టీలు కాకపోతే ఇది వర్తిస్తుంది. వాళ్లూ ఆ వర్గాలవారే అయితే భారతీయ న్యాయ సంహితలో బెదిరింపుకు 351, పరువు నష్టానికి 356 సెక్షన్లున్నాయి.

ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వండి. అన్న మాటలు అన్నట్టే రాయండి, తేదీ, చోటు, విన్నవాళ్ల పేర్లు రాయండి. వారంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల (కాగ్నిజబుల్) నేరం కనబడుతుంటే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తీసుకోకపోతే అదే కాగితాన్ని స్పీడు పోస్టులో జిల్లా ఎస్పీకి పంపి, రసీదు దాచుకోండి. ఎస్సీలకు, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది, ఫోను 15100. మళ్లీ గుమికూడితే వెంటనే 112కు చేయండి. ఈ గొడవ సద్దుమణిగేదాకా మీ అమ్మను రాత్రిళ్లు ఒంటరిగా ఉంచకండి.