పొద్దున్నే మొరాయించే కారు

ప్ర: 2008 నాటి మారుతి ఆల్టో వాడుతున్నాను. చలికాలం పొద్దున్నే నాలుగైదుసార్లు సెల్ఫ్ కొడితే గానీ అందుకోదు. వేడెక్కాక ఏ ఇబ్బందీ లేదు. మెకానిక్ ముందైతే ఒక్క సెల్ఫ్‌కే స్టార్టవుతుంది. ప్లగ్గులు, బ్యాటరీ మార్పించాను. ఇంకేం మార్చాలి?
– ఒక పాఠకుడు, దంతాలపల్లి

జ: ఇక ఏదీ మార్చకండి, ముందు కారణం తేల్చుకోండి. మీ బండి జబ్బు చల్లారిన ఇంజిన్‌లోనే బయటపడుతుంది. షెడ్డుకు నడుపుకుంటూ వెళ్తే మెకానిక్‌కు ఏమీ దొరకదు. రాత్రికి కారు అక్కడే వదిలి, పొద్దున తొలి సెల్ఫ్ ఆయన్నే కొట్టమనండి.

ఈలోగా ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. తాళం ఆన్ చేసి, సెల్ఫ్ కొట్టకుండా ఆగండి. వెనక ట్యాంకులోంచి సుమారు 2 సెకన్లు పెట్రోల్ పంపు జుయ్‌మనాలి. అలా మూడుసార్లు ఆన్, ఆఫ్ చేసి సెల్ఫ్ కొట్టండి. వెంటనే అందుకుంటే, రాత్రంతా లైనులో నిలవాల్సిన ప్రెషర్ దిగిపోతోందన్నమాట. పంపులో వాల్వు పట్టడం లేదా, ఇంజెక్టర్ కారుతోందా అన్నది గేజి పెట్టి చూడాలి.

తేడా లేకపోతే కూలెంట్ టెంపరేచర్ సెన్సర్‌ను అనుమానించండి. చల్లటి ఇంజిన్‌లో పెట్రోల్ సరిగ్గా ఆవిరి కాదు కాబట్టి ఇంజిన్ కంప్యూటర్ (ఈసీయూ) కాస్త ఎక్కువ పోయాలి. ఇంజిన్ వేడిగా ఉందని సెన్సర్ తప్పు చెబితే ఆ అదనపు పెట్రోల్ అందదు. పొద్దున్నే, సెల్ఫ్ కొట్టకముందే స్కానర్ పెట్టించండి. కూలెంట్ వేడి, బయటి గాలి వేడి దాదాపు సమానంగా ఉండాలి. బయట 15 డిగ్రీలుంటే స్కానర్ 60 చూపిస్తోందంటే లోపం సెన్సర్‌లోనో, దాని వైరింగ్‌లోనో ఉంది.

యాక్సిలరేటర్ కొద్దిగా నొక్కితేనే అందుకుంటుంటే థ్రాటిల్ బాడీ, ఐడిల్ వాల్వు మసి పట్టి ఉంటాయి. శుభ్రం చేయిస్తే చాలు. బ్యాటరీ కొత్తదే అయినా ఎర్త్ వైరు బిగింపు చూసుకోండి. సెల్ఫ్ తిరుగుతుండగా వోల్టేజి 9.6 కంటే కిందికి పడిపోకూడదు.

ప్ర: స్టార్ట్ చేసేటప్పుడు యాక్సిలరేటర్ పదేపదే తొక్కాలా?
– మరో పాఠకుడు, తొర్రూరు

జ: అది కార్బురేటర్ బళ్ల నాటి అలవాటు. ఇంజెక్షన్ బండిలో తొక్కినంత మాత్రాన పెట్రోల్ దూకదు. ప్లగ్గులు తడిసి పెట్రోల్ వాసన వస్తుంటే మాత్రం పెడల్ పూర్తిగా నొక్కిపట్టి సెల్ఫ్ కొట్టండి. చాలా బళ్లలో అప్పుడు ఇంజెక్టర్లు ఆగి, సిలిండర్ ఆరుతుంది. ఒక్కోసారి 10 సెకన్లకు మించి తిప్పకండి, మధ్యలో అర నిమిషం ఆగండి. అదేపనిగా తిప్పితే స్టార్టర్ మోటారు వేడెక్కుతుంది. కాలని పెట్రోల్ సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి దాన్ని పాడు చేస్తుంది. చిన్న రిపేరుతో పోయేదానికి అంతకు ఎన్నోరెట్ల ఖర్చు తెచ్చుకోకండి.