ఎఱ్ఱ దీపము చెప్పు మాట



గడచిన శీతకాలమున మన పాఠశాలలోని ఏడుగురు బాలురను వెంటబెట్టుకొని నేను విశాఖపట్టణమునుండి అరకులోయకు విహారయాత్ర పోయితిని. మేము కుదుర్చుకొన్న బండి జీపు తరగతికి చెందినది. మనుష్యులను, సామానును గూడ మోయునది. బయలుదేరిన ఉదయముననే డ్రైవరు ఎదుటి పలకమీద ఒక ఎఱ్ఱ దీపము మలుపులయందు మినుకుమినుకుమనుట చూచితిని. అడుగగా నాతడు, "ఈ దీపము ఎప్పుడూ ఇంతే, మాస్టారూ. కొంచెము ఆయిలు పోసితే ఆరిపోతుంది" అనెను. నేనును ఊరకుంటిని. భౌతికశాస్త్రము బోధించు నేను ఆ మాటకు ఊరకుండుట తప్పని మఱునాటి సాయంకాలమున తెలిసికొంటిని. ఆ సంగతి చెప్పుటకు ముందు ఆ దీపమేమో, అది యేల వెలుగునో నేర్చుకొందము.

బ్రేకు పనిచేయు విధము

మూసియున్న పాత్రలోని ద్రవముపై ఒకచోట కలుగజేసిన ఒత్తిడి అన్ని దిక్కులకును సమానముగా వ్యాపించును. ఇది ఫ్రాన్సు దేశీయుడగు బ్లేజ్ పాస్కల్ (1623–1662) తెలిపిన సూత్రము. మన బండ్ల బ్రేకులకు ఇదియే ఆధారము. పాదముతో పెడలును త్రొక్కగా మాస్టరు సిలిండరులోని పిస్టను ద్రవమును నెట్టును. ఆ ఒత్తిడి సన్నని గొట్టములగుండ చక్రములకు చేరి ప్యాడ్లను డిస్కునకును, లైనరులను డ్రమ్మునకును అదుమును. మాస్టరు పిస్టను వైశాల్యము 3 చదరపు సెంటీమీటర్లును, చక్రమువద్ది పిస్టను వైశాల్యము 12 చదరపు సెంటీమీటర్లును అయినచో బలము నాలుగు రెట్లగును. కాని అది కదలు దూరము నాలుగవ వంతు మాత్రమే యగును.

గొట్టములు ఒకే మార్గముగా నున్నచో ఒక్క చిల్లుతో బ్రేకులన్నియు పోవును. అందువలన ఇప్పటి బండ్లలో ద్రవమార్గమును రెండుగా విభజింతురు. ఒకటి చెడినను రెండవది కొంతవఱకు బండి నాపును. అయితే ఒకటి చెడిన సంగతి డ్రైవరునకు తెలియవలెను గదా! అందుకొఱకే ఈ ఎఱ్ఱ దీపము.

దీపము వెలుగు విధము

పాతతరహా బండ్లలో తాళము త్రిప్పగానే బ్యాటరీనుండి విద్యుత్తు దీపమువఱకు వచ్చి నిలుచును. దీపమునుండి బండి యినుప దేహమునకు పోవు దారిలో స్విచ్చులు ప్రక్కప్రక్కగా అమర్పబడియుండును. వీనిలో ఏ యొక్కటి కలిసినను దీపము వెలుగును. మొదటిది హ్యాండు బ్రేకు వద్ద నుండును. రెండవది ద్రవపాత్రలోని బెండు. ద్రవము తగ్గగా బెండు దిగి స్విచ్చును కలుపును. కొన్ని బండ్లలో మూడవది గూడ గలదు. రెండు మార్గముల నడుమ ఒక చిన్న పిస్టను ఇరువైపుల ఒత్తిడి సమానముగా నున్నంతకాలము మధ్యను నిలుచును. ఒకవైపు ఒత్తిడి పోగా ఆవైపునకు జరిగి స్విచ్చును కలుపును. క్రొత్త బండ్లలో ఈ వార్తలను చిన్న కంప్యూటరు గ్రహించి దీపమును వెలిగించుచున్నది.

కాబట్టి ఒక్క దీపమునకు పెక్కు కారణములు గలవు. వానిని ఊహింపరాదు, వరుసగా పరీక్షింపవలెను.

కారణమును వెదకు క్రమము

1. బండిని సమతలముపై నిలిపి చక్రములకు రాళ్ళు అడ్డుపెట్టుము. ఇంజనును ఆపి, మరల తాళము త్రిప్పుము. పెక్కు బండ్లలో దీపము కొన్ని క్షణములు వెలిగి ఆరుట మంచి గుర్తు. ఎన్నడును వెలుగనిచో సంతోషింపకుము. బల్బు మాడియుండవచ్చును, లేక ఎవరో తీగను ఊడబెఱికి యుండవచ్చును.

2. హ్యాండు బ్రేకును పూర్తిగా లాగి, పూర్తిగా దింపుము. దీపము ఆరినచో లోపమంతయు అదియే. గతుకులలో మాత్రమే మినుకుచున్నచో అచ్చటి స్విచ్చు సరిగా అమరలేదేమో చూడుము.

3. ద్రవపాత్రను చూడుము. ద్రవము పై గీతకును క్రింది గీతకును నడుమ నుండవలెను. క్రింది గీతకు దగ్గఱగా నున్నచో మలుపులలో ద్రవము ప్రక్కకు ఒరుగగా బెండు దిగి దీపము మినుకుమనును. మా బండిలో జరిగినది ఇదియే.

4. తగ్గిన ద్రవము ఎచ్చటికి పోయినది? ఇది ముఖ్యమైన ప్రశ్న. ప్యాడ్లు అరిగినకొలది పిస్టనులు ముందునకు జరుగును. ఆ ఖాళీని నింపుటకు పాత్రలోని ద్రవము మెల్లగా దిగును. అట్లయిన ద్రవము పోయుటకన్న ప్యాడ్లు మార్చుట ధర్మము. ప్యాడ్లు మందముగనే యున్నచో ద్రవము బయటికి కారుచున్నదని అనుమానింపవలెను. చక్రముల లోపలివైపు, గొట్టముల అతుకులు, పెడలు క్రింది భాగము తడిగా నున్నవేమో చూడవలెను. కొన్ని బండ్లలో క్లచ్చునకును ఈ పాత్రయే ఆధారము గనుక దానిని గూడ చూడవలెను.

5. ద్రవము సరిగానుండియు దీపము వెలుగుచున్నచో, పాతతరహా బండ్లలో బెండు స్విచ్చు తీగను ఒక్క క్షణము విప్పి చూతురు. దీపము ఆరినచో బెండో స్విచ్చో చెడినదని అర్థము. ఇది నిలిచిన బండిలో చేయు పరీక్ష మాత్రమే. ఆ తీగను విప్పియుంచి ప్రయాణము చేయరాదు.

6. పెడలును గట్టిగా త్రొక్కి అరనిమిషము ఉంచుము. అది మెల్లగా దిగిపోయినచో ఎచ్చటనో ఒత్తిడి తప్పించుకొనుచున్నది. మెత్తగానుండి, పలుమాఱులు త్రొక్కగా గట్టిపడినచో గాలి చొచ్చియుండవచ్చును. ఏలయన గాలి నలుగును, ద్రవము నలుగదు.

మనవారు "బ్రేకు ఆయిలు" అను ద్రవము నిజముగా నూనె కాదు. ఇంజను నూనె పోసినచో సిలిండరులోని రబ్బరు ఉబ్బి చెడిపోవును. డాట్ 3, డాట్ 4 అను రకములు గాలిలోని తేమను పీల్చుకొనును. డాట్ 3 క్రొత్తగా నున్నపుడు కనీసము 205 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు మరుగరాదు. నీరు చేరినపుడు ఆ హద్దు 140కి తగ్గును. మరిగిన ద్రవములో ఆవిరి పుట్టును. ఆవిరి నలుగును గనుక పెడలు నేలకు దిగును.

పచ్చదీపము కాని, పసుపు దీపము కాని దీనితో కలిపి పొరబడరాదు. చక్రములు పట్టుకొనిపోకుండ కాపాడు ఏబీఎస్ దీపము పసుపుది. అది యొక్కటే వెలిగినచో సాధారణపు బ్రేకు పనిచేయును. ఎఱ్ఱదియు పసుపుదియు కలిసి వెలిగినచో బండిని సాగింపరాదు.

ఘాటుదారిలో జరిగినది

మఱునాటి సాయంకాలము కొండ దిగుచుంటిమి. లెక్క చూడుడు: 2,000 కిలోల బండి 900 మీటర్ల ఎత్తునుండి దిగినపుడు విడుదలయగు శక్తి సుమారు 60 లీటర్ల నీటిని 30 డిగ్రీలనుండి మరుగువఱకు కాచుటకు చాలును. తక్కువ గేరులో దిగినచో దానిలో కొంత ఇంజను భరించును. మిగిలినదానిలో పెద్దభాగము బ్రేకులదే. ఇంతలో ఎఱ్ఱ దీపము ఆరక నిలిచి వెలిగెను. డ్రైవరు ముఖము చూచి నేను, "ఇక చాలును, బండి ఆపండి" అంటిని. తక్కువ గేరుతో ఒక వెడల్పయిన చోట ఆపి, రాళ్ళు పెట్టితిమి. వెనుక ఎడమ చక్రము లోపలివైపు తడిగా నుండెను. ఆ నెలలోనే రెండుమాఱులు ద్రవము పోసితినని ఆతడు అప్పుడు చెప్పెను. చక్రపు సిలిండరులోని రబ్బరు చినిగి, పోసినదంతయు కారిపోవుచుండెను.

పిల్లలను దారిని పోవు బస్సులో దింపితిని. మెకానిక్కు వచ్చి రబ్బరు మార్చి, గాలి తీయువఱకు రాత్రి ఎనిమిది గంటలయ్యెను. చలిలో కూర్చుండి నేను ఆలోచించినది ఒక్కటే: రెండుమాఱులు ఆర్పిన దీపము మాకు రెండుమాఱులు నిజమే చెప్పినది. ఆర్పుట వేరు, బాగుచేయుట వేరు. డ్రైవరు ఆర్పెను, నేను చూచి మిన్నకుంటిని. తప్పు ఇద్దరిది.

మీ తండ్రులకో అన్నలకో బండి యున్నచో ఈ పాఠమును వారికి చదివి వినిపింపుడు.

ప్రశ్నలు

1. గొట్టములో గాలి యున్నచో పెడలు మెత్తబడుటకు కారణమేమి?
2. ప్యాడ్లు అరిగినపుడు ద్రవము కారకయే పాత్రలో ఏల తగ్గును?
3. ఎన్నడును వెలుగని దీపము ఎల్లప్పుడు వెలుగు దీపముకన్న అపాయకరమని చెప్పుటకు హేతువేమి?