వేలిముద్ర దగ్గర కలిసే మూడు శాస్త్రాలు

చిరంజీవి మేనకోడలికి మేనమామ ఆశీర్వదించి రాయునది.

సాంఘిక శాస్త్రం, న్యాయశాస్త్రం, జీవవైద్యం అనే మూడింటి నడుమ పరిశోధన సాగించదలచినట్లు అమ్మాయి గత ఉత్తరంలో తెలియజేసిన సంగతి ఇంటిల్లిపాదికీ సంతోషం కలిగించిందనడం పూర్తి నిజం కాదు. ఏ ఒక్క శాఖకూ చెందని పట్టాకు ఉద్యోగం ఎవరిస్తారని అక్కయ్య బెంగపెట్టుకొని ఉండగా, అమ్మాయి చదువు మధ్యలో మానేసిందని ఏదో పెళ్లిలో ఎవరో పుట్టించిన పుకారు ఆ బెంగను రెట్టింపు చేసింది. ఉద్యోగం మాట ప్రస్తుతానికి పక్కన ఉండవచ్చు. అమ్మాయి పంపిన ప్రతిపాదనలో ఆసక్తుల జాబితా పేజీ నిండా ఉండి, చేత్తో పట్టుకొని చూడదగిన కాగితం ఒక్కటీ లేకపోవడమే మేనమామ ఆందోళనకు కారణం.

అంతర్విభాగ పరిశోధన, అనగా ఒకే సమస్యను పలు శాస్త్రాల పద్ధతులతో పరిశీలించడం, శాస్త్రాల పేర్లను పక్కపక్కన పేర్చినంత మాత్రాన సిద్ధించదు. ఒక శాస్త్రం ఇచ్చిన సమాధానం సరైనదే అయినప్పటికీ ప్రశ్న తీరకుండా మిగిలిపోయిన చోటనే రెండో శాస్త్రానికి పని పడుతుంది. అటువంటి ప్రశ్న సొంత జిల్లాలోనే ఉంది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో ‘పాత్’ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు హెచ్‌పీవీ టీకా, అంటే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు మూలమైన వైరస్‌ను నిరోధించే టీకా, వేయించగా, గుజరాత్‌లోని వడోదరలోనూ ఇదే కార్యక్రమం జరిగింది. రెండు చోట్లా కలిపి ఏడుగురు బాలికలు మరణించారన్న వార్తల నడుమ 2010 ఏప్రిల్‌లో దానిని నిలిపివేశారు. ఆ మరణాల్లో నీట మునగడం, పాముకాటు, మలేరియా వంటి కారణాలు ఉన్నాయనీ, టీకాకు వాటితో సంబంధం కనబడలేదనీ విచారణ సంఘం తేల్చింది. జీవవైద్యం పని ఇంతటితో ముగిసింది, ఆ తీర్పును శంకించవలసిన అవసరమూ లేదు.

అయితే పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 ఆగస్టులో సమర్పించిన 72వ నివేదికలో మరొక లెక్క ఉంది. ఖమ్మం అప్పట్లో భాగంగా ఉన్న ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలతో ఉండగా, 2,763 పత్రాలపై హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. టీకా మంచిదే కావచ్చు, కాగితం మాత్రం చెడ్డది; ఈ రెండు మాటలనూ ఒకే వాక్యంలో నిలబెట్టగల పరిశోధకులు అరుదు కనుకనే, టీకాను సమర్థించేవారు కాగితాన్ని మరచిపోవడం, కాగితాన్ని తప్పుపట్టేవారు టీకాపై లేని నింద మోపడం నేటికీ సాగుతున్నది.

వేలిముద్ర విషయంలో మేనమామకు చాదస్తం ఉన్నదని ఇంట్లో అనుకునేది నిజమే. జీవితమంతా రిజిస్ట్రారు ఆఫీసు ముందు డాక్యుమెంట్ రైటర్‌గా గడిపినవాడికి అది తప్పదు. ఎడమ బొటనవేలిని సిరా మెత్తపై ఒత్తి, కాగితంపై పక్కనుంచి పక్కకు దొర్లించి, ముద్ర చుట్టూ పేరు రాసి, కింద ఇద్దరు సాక్షుల చేత సంతకం చేయించేలోపు, ముద్ర వేసిన మనిషి వేలిని తలవెంట్రుకలకు తుడుచుకొని వెళ్లిపోతాడు. ‘చదివి వినిపించగా విని’ అన్న మాట మాత్రం ఎవరూ చదవకపోయినా కాగితంలో ఉండిపోతుంది. మేనమామ పని నేర్చుకుంటున్న రోజుల్లో, ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతికి వెళ్లకుండా ఆపే 1/70 చట్టం అమలులో ఉండగానే, ఒక కోయ గిరిజన రైతు తాను ముద్ర వేసిన సాదా బైనామాను, అంటే రిజిస్టరు కాని అమ్మకపు కాగితాన్ని, పట్టుకొచ్చి అందులో ఏముందో చెప్పమన్నాడు. విత్తనాల అప్పనుకున్నది చెలక అమ్మకమని తేలింది, సాక్షిగా ఉన్న పేరు ఆయన ఎన్నడూ వినని మనిషిది. ఆనాడు గురువు గారు ఆయనకు టీ తెప్పించారే తప్ప మరేమీ చేయలేకపోయారు. అమ్మాయికి మూడేళ్ల వయసులో అదే సిరా మెత్త దొరికి, వరండా గోడ పొడవునా ముద్రలు వేసినప్పుడు అక్కయ్య కొట్టబోతే అడ్డుపడినది మేనమామే గనుక, ఈ విషయంలో అమ్మాయిని మందలించే అధికారం కొంత తగ్గింది.

న్యాయశాస్త్రం అడగవలసిన ప్రశ్న, ఆ 2,763 కాగితాలపై సంతకం చేయగల సంరక్షకులు ఎవరన్నది. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం తండ్రినీ, ఆ తరువాత తల్లినీ సహజ సంరక్షకులుగా పేర్కొంటుంది గాని, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప ఆ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదని దాని మూడో సెక్షనే చెబుతుంది. అంటే ఆశ్రమ పాఠశాల, అనగా గిరిజన పిల్లల వసతి పాఠశాల, హాస్టల్లో ఉండే కోయ బాలికకు సంరక్షకులెవరో నిర్ణయించడానికి ఆచారాన్ని విచారించవలసి ఉంటుంది, ఆ విచారణ సాంఘిక శాస్త్రం పని. మూడు శాస్త్రాలు ఇక్కడ ఎవరూ పిలవకుండానే కలిశాయి. ఇదే వ్యవహారంలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2018 మే 9న కల్పనా మెహతా కేసులో, పార్లమెంటరీ సంఘం నివేదికను న్యాయస్థానం పరిగణనలోకి తీసుకోవచ్చనీ, దాని చెల్లుబాటును మాత్రం ప్రశ్నించరాదనీ తీర్పు చెప్పింది; అందులోని వివాదాస్పద విషయాలను వేరుగా రుజువు చేయవలసిందే గనుక, పై అంకెలను ఉదహరించేటప్పుడు అమ్మాయి ఈ తేడాను మరువరాదు.

ప్రతిపాదనలోని మొదటి పేజీ కొట్టివేసి, సమ్మతి పత్రం నమూనా ఒకటి సంపాదించి, దానితోనే మొదలుపెట్టడం మంచిది. భద్రాచలం వైపు వెళ్లడం గోదావరి వరదలు తగ్గాకనే జరగాలి, రాత్రి బస్సు ఎక్కరాదు, కళ్లజోడు నంబరు మారిందేమో ముందే చూపించుకోవాలి. కోయ భాష నేర్పగల మాస్టారు ఒకరు కొత్తగూడెంలో ఉన్నారు, దసరాకు వస్తే మేనమామ దగ్గరుండి తీసుకువెళతాడు. చదువు మానలేదన్న మాట మాత్రం అక్కయ్యకు ఈ ఆదివారంలోగా ఫోనులో అమ్మాయే స్వయంగా చెప్పాలి.

ఆశీస్సులతో,
మేనమామ