గట్టు తగాదా, సివిలు దావా

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములలో కమతములు చిన్నవి. తరతరమునకు పంపకములు జరిగి మరింత సన్నగిలుచున్నవి. ఏటేట దుక్కి సమయమున ట్రాక్టరు కల్టివేటరు గట్టును ఒక జానెడు గీకినచో, నాలుగైదేండ్లలో గట్టు స్థానమే మారిపోవును. 200 మీటర్ల పొడవుగల గట్టు అర మీటరు జరిగినచో పోయిన నేల 100 చదరపు మీటర్లు, అనగా దాదాపు ఒక గుంట. ఎకరమునకు 25 క్వింటాళ్ల వరి పండునని లెక్క వేసినచో, గుంటకు 62 కిలోల ధాన్యము. 2025–26 సంవత్సరపు సాధారణ రకము మద్దతు ధర 2,369 రూపాయల చొప్పున దాని వెల సుమారు 1,480 రూపాయలు. కోర్టు మెట్లు ఎక్కుటకు ముందు రైతు ఈ లెక్కను ఒకసారి వేసికొనుట మంచిది. అయితే పంట లెక్క ఒక్కటే చాలదు. పొరుగువాడు ఆ నేలను తనదేయని బహిరంగముగా, అడ్డులేక 12 సంవత్సరములు అనుభవించినచో, 1963 నాటి కాలపరిమితి చట్టము ప్రకారము అసలు యజమాని హక్కే నశించును. ఊరకుండుట వలన పోవునది ఒక పంట కాదు, భూమియే.

తగాదా వచ్చినప్పుడు మనవారు మొదట పోలీసు ఠాణాకు పోవుదురు. కొట్లాట జరిగినచో అది పోలీసుల పని. భూమి ఎవరిదని తేల్చు అధికారము వారికి లేదు. తహసీలుదారు కార్యాలయమున కొలతకు అర్జీ పెట్టి, సర్వేయరుచే టిప్పన్ ప్రకారము హద్దులు చూపించుకొనవచ్చును. సగము తగాదాలు ఇక్కడనే తీరవలెను. రికార్డులోని తప్పులను 2025 ఏప్రిల్ 14న అమలులోనికి వచ్చిన భూభారతి చట్టము క్రింద సరిచేయించుకొనవచ్చును, అప్పీలు చేసికొనవచ్చును. కాని ఇద్దరు వ్యక్తుల నడుమ హక్కు నిజముగా వివాదమైనచో తుది మాట సివిలు కోర్టుదే. కామారెడ్డి మాస్టర్ ప్లాన్ ముసాయిదాపై 2023 జనవరిలో రైతులు హైకోర్టుకు పోయినది వేరు దారి. అది ప్రభుత్వ సంస్థ చర్యపై వేసిన రిట్టు. పొరుగు రైతుపై రిట్టు పనిచేయదు, దావాయే వేయవలెను.

దావాలో ఏమి కోరవలెనన్నది అన్నిటికంటె ముఖ్యము. ఎక్కువమంది నష్టపోవునది ఇక్కడనే. భూమి మన స్వాధీనములో ఉండి, హక్కుపై గట్టి వివాదము లేక, పొరుగువాడు ఊరక అడ్డు తగులుచున్నచో శాశ్వత ఇంజంక్షన్ కోరిన చాలును. భూమి చేయిదాటి పోయినచో స్వాధీనము కూడ కోరవలెను. హక్కునే ఎదుటివాడు కాదనుచున్నచో హక్కు ప్రకటన కూడ కోరవలెను. వరంగల్ పట్టణములోని స్థలములకు సంబంధించిన ఒక వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2008లో ఈ భేదమును విడమరచి చెప్పినది. అచ్చట వాదులు ఇంజంక్షన్ మాత్రమే కోరిరి. క్రింది కోర్టులో గెలిచి, మొదటి అప్పీలులో ఓడి, హైకోర్టులో మరల గెలిచి, కడకు సుప్రీంకోర్టులో ఓడిరి. హక్కు చిక్కుపడియున్నప్పుడు ప్రకటన కోరి దావా వేయవలెనని తీర్పు. ఖర్చు తగ్గునని ఇంజంక్షన్ దావాతో సరిపెట్టుకొనువారు ఈ సంగతి వకీలును ముందే అడుగవలెను.

వకీలు వద్దకు పోవునప్పుడు రిజిస్టరు దస్తావేజు, పట్టాదారు పాసుపుస్తకము, పాత పహాణీ నకళ్లు, అందు ముఖ్యముగా 1954–55 నాటి ఖాస్రా పహాణీ, పంపకపు కాగితములు, టిప్పన్ నకలు తీసికొనిపోవలెను. పహాణీలో పేరున్నంత మాత్రమున హక్కు పుట్టదు. అది స్వాధీనమునకు సాక్ష్యముగ పనికివచ్చును. సాదాబైనామా ఉన్నవారు ఆ మాట దాచక చెప్పవలెను. దాచినది ప్రతివాది వకీలు బయటపెట్టును.

దావా నమోదైన పిదప ప్రతివాదికి సమను వచ్చును. తీసికొనక తిప్పి పంపిన లాభము లేదు, అందినట్లే భావింతురు. జవాబు 30 దినములలో వేయవలెను. కోర్టు కారణము చూచి 90 దినముల వరకు గడువీయవచ్చును. హాజరు కానిచో ఎక్స్‌పార్టీ డిక్రీ వచ్చును. దానిని రద్దుచేయించుకొనుటకు 30 దినములే గడువు. జవాబు వచ్చిన మీదట కోర్టు వివాదాంశములను నిర్ణయించును. సాక్షులు ప్రమాణపత్రముపై చెప్పిన మాటలను ఎదుటి వకీలు అడ్డుప్రశ్నలతో పరీక్షించును. హద్దుదారులైన పక్క చేల రైతులే మంచి సాక్షులు.

దావా తేలువరకు పంట ఆగదు గదా! అందుకే దావాతోపాటే తాత్కాలిక ఇంజంక్షన్‌కు అర్జీ పెట్టుదురు. తొలిచూపునకు హక్కు కనబడుట, ఎవరికి ఎక్కువ ఇబ్బంది, తరువాత పూడ్చలేని నష్టమా, ఈ మూడును కోర్టు చూచును. ఉత్తరువును ధిక్కరించినవారికి ఆస్తి జప్తు, మూడు నెలల వరకు సివిలు ఖైదు ఉన్నవి. దావా పడునని ముందే అనుమానమున్న రైతు కేవియట్ వేసికొనవచ్చును. అది 90 దినములు పనిచేయును. చేను చూచి కొలతలతో నివేదిక ఇచ్చుటకు కమిషనరును కోరవచ్చును. వ్యవసాయ శాస్త్రము బోధించువాడనుగా నా సలహా ఇది: కమిషనరు పంట కోతకు ముందే రావలెను. ఎవరు ఏ రకము నాటిరి, నాటు వరుసలు ఎందాక పోయినవి, పాత గట్టుపై తాటిచెట్టు, వేపచెట్టు ఎచ్చట ఉన్నవి అన్నది నిలిచిన పంటలో స్పష్టముగా కనబడును. కోసి, దున్ని, దమ్ము చేసిన తరువాత ఆ సాక్ష్యము మిగులదు.

నీటి కాలువల సంగతి కొంత వేరు. పోచారము ప్రాజెక్టు క్రింద నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి మండలములలో ప్రభుత్వ కాలువ నీటి తగాదాలు నీటిపారుదల అధికారుల వద్దకు పోవలెను. ఒకరి చేనుగుండ మరొకరి బావి నీరు పోవు కాలువ అయినచో, 20 సంవత్సరములు ఎడతెగక హక్కుగా వాడినట్లు రుజువు కావలెను. ఆపిన రెండు సంవత్సరములలోపు దావా వేయవలెను.

బలవంతముగా చేను లాగుకొనినచో ఆరు నెలలలోపు వేయు దావాలో హక్కు విచారణ అవసరము లేదు. ముందు ఎవరి స్వాధీనములో ఉన్నదో తేలిన చాలును. జూనియర్ సివిల్ జడ్జి తీర్పుపై అప్పీలుకు 30 దినములు. డిక్రీ చేత పట్టుకొని ఇంట కూర్చున్నచో గట్టు తనంత తాను వెనుకకు రాదు, అమలు అర్జీ వేరుగా వేయవలెను.

రాజీ దారి ఎప్పుడును తెరచియే ఉండును. లోక్ అదాలత్ అవార్డు డిక్రీతో సమానము, దానిపై అప్పీలు లేదు; నడుచుచున్న దావా అక్కడ రాజీ అయినచో కట్టిన కోర్టు ఫీజు వాపసు వచ్చును. స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి ఆదాయముతో పనిలేకుండ ఉచిత న్యాయసహాయము కలదు. కాని రాజీ పత్రములో “పాత గట్టు ప్రకారము” అని వ్రాసికొనినచో మరల తగాదాయే. ఏ హద్దురాయి నుండి ఎన్ని మీటర్లు, గట్టు వెడల్పు ఎంత, రాళ్లు పాతు ఖర్చు ఎవరిది, ప్రస్తుతమున్న పంట ఎవరు కోసికొనవలెను అన్నది అంకెలతో వ్రాయించి, సర్వేయరు గీసిన పటమును దానికి జతపరచవలెను.