మొక్కజొన్నలో స్పోడాప్టెరా జాతుల గుర్తింపు – వర్గీకరణ లక్షణాలు

నాక్ట్యుయిడే కుటుంబానికి చెందిన స్పోడాప్టెరా ప్రజాతిలో మూడు జాతులు తెలుగు రాష్ట్రాల పైర్లపై ముఖ్యంగా కనిపిస్తాయి. పొగాకు లద్దెపురుగుగా వ్యవహరించే స్పోడాప్టెరా లిట్యూరా, పచ్చ రబ్బరు పురుగుగా వ్యవహరించే స్పోడాప్టెరా ఎక్సిగ్వా చిరకాలంగా పరిచితమైనవే. అమెరికా ఖండాలకు చెందిన కత్తెర పురుగు, అనగా స్పోడాప్టెరా ఫ్రుజిపెర్డా, మన దేశంలో 2018లో కర్ణాటకలో తొలిసారిగా నమోదైంది. ఈ మూడింటి తల్లి పురుగులూ గుడ్లను సముదాయాలుగా పెట్టి నూగుతో కప్పుతాయి. కావున గుడ్ల దశలో జాతి నిర్ధారణ కష్టసాధ్యం.

ఎదిగిన లార్వాలలో భేదాలు స్పష్టమవుతాయి. కత్తెర పురుగు తలపై తిరగవేసిన ఆంగ్ల అక్షరం 'వై' ఆకారపు తెల్లని గుర్తు, ఉదరపు ఎనిమిదవ ఖండంపై చతురస్రాకారంలో నాలుగు నల్లని మచ్చలు ఉంటాయి. లిట్యూరా లార్వాలో ఉదరపు మొదటి, ఎనిమిదవ ఖండాలపై నల్లని మచ్చలు పెద్దవిగా ఉంటాయి. ఎక్సిగ్వా లార్వా సాధారణంగా ఆకుపచ్చగా, నునుపుగా ఉంటుంది. అయితే 'వై' గుర్తు ఇతర జాతులలోనూ మసకగా కనిపించవచ్చు; తొలి దశ లార్వాలలో ఏ లక్షణమూ స్ఫుటంగా ఉండదు. కావున తల గుర్తును, ఉదరపు మచ్చలను కలిపి పరిశీలించాలి.

రెక్కల పురుగులలో వెనుక రెక్కలు మూడింటికీ తెల్లనివే. కత్తెర పురుగు మగ రెక్కల పురుగు ముందు రెక్క కొనవద్ద తెల్లని మచ్చ ఉంటుంది. లిట్యూరా ముందు రెక్కలపై లేత రంగు గీతలు అడ్డదిడ్డంగా అల్లుకొని ఉంటాయి. కత్తెర పురుగు ఆడ రెక్కల పురుగులో గుర్తులు అస్పష్టం కనుక ఎక్సిగ్వాగా పొరబడే అవకాశం ఉంది. అట్టి నమూనాల ఉదరాన్ని 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో మెత్తపరచి, జననాంగాల నిర్మాణాన్ని సూక్ష్మదర్శినిలో పరిశీలించాలి. కత్తెర పురుగులోని వరి, మొక్కజొన్న తెగలు బాహ్యంగా ఒకేలా ఉంటాయి. వాటిని జన్యు గుర్తుల ద్వారానే వేరుచేయగలరు. మైటోకాండ్రియాలోని సిఓఐ జన్యువు తల్లి నుండి మాత్రమే సంక్రమిస్తుంది గనుక సంకర సంతతిని అదొక్కటే వెల్లడించదు.

ఈ నిర్ధారణ కేవలం ప్రయోగశాల విషయం కాదు. లింగాకర్షక ఎరలు జాతిని బట్టి వేర్వేరు. పైగా కత్తెర పురుగు బుట్టలలో మిథిమ్నా ప్రజాతి రెక్కల పురుగులు కూడా పడతాయి. వాటిని వేరుచేయకుండా లెక్కిస్తే పురుగు ఉధృతి అంచనా తప్పి, అనవసరంగా మందు పిచికారీ చేయవలసి వస్తుంది. లిట్యూరా నుండి తయారైన ఎన్.పి.వి. ద్రావణం ప్రధానంగా ఆ జాతిపైనే పనిచేస్తుంది కనుక, జాతిని పొరబడితే రైతు ఖర్చు వృథా అవుతుంది. కావున సిఫారసుకు ముందు లార్వాను, బుట్టలో పడిన పురుగును విడివిడిగా పరిశీలించడం విస్తరణ శాస్త్రవేత్తల ప్రథమ కర్తవ్యం.